రెండు కోటలు, ఒక సొరంగము: ఫైర్‌వాల్‌ల నడుమ మార్గాధారిత వీపీఎన్ నిర్మాణము

గోల్కొండ కోట నుండి చార్మినారు వరకు భూమి క్రింద ఒక సొరంగమున్నదని మన నగరములో తరతరాలుగా చెప్పుకుంటారు. పెద్దలు చెప్పగా మనమందరము విన్నవారమే. అందులో నడిచి వచ్చినవారిని మాత్రము మేమింతవరకు చూడలేదు. అయినా ఆ కథ మనసును వదలదు. ఎందుకనగా అందులో మానవునికి సహజమైన ఒక కోరిక ఉన్నది: దూరముగా ఉన్న రెండు స్థలముల నడుమ బజారు కంట పడకుండా రాకపోకలు సాగవలెనని. కంప్యూటరు లోకములో ఆ కోరికను తీర్చే ఏర్పాటునకే వీపీఎన్ అని పేరు. వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్ అను మూడు మాటలకు అది పొట్టి రూపము. ఆ ఏర్పాటును రెండు ఫైర్‌వాల్‌ల నడుమ కమాండ్ లైన్ మీద, అనగా ఆజ్ఞలను టైపు చేస్తూ, ఎట్లు నిర్మించవలెనో ఈ వ్యాసములో వివరింపదలచినాము.

తెలుగు బోధించే మాకు ఈ విషయముతో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. కళాశాల కంప్యూటరు గది బాధ్యత కొన్నేండ్లుగా అదనముగా మా మీద పడినది. ఆ విధముగా కొంత నేర్చుకున్నాము. అంతకంటె ముఖ్యమైన కారణము మరొకటి కలదు. మా పూర్వ విద్యార్థి ఒకడు డిగ్రీ ముగించి, అమీర్‌పేటలో మైత్రీవనం పరిసరములలోని ఒక శిక్షణ కేంద్రములో మూడు నెలలు నెట్‌వర్కింగ్ నేర్చి, కృష్ణానగర్‌లో ఒక చిన్న ఎడిటింగ్ కార్యాలయములో ఉద్యోగమునకు చేరినాడు. కృష్ణానగర్ సందులలో సినిమా పనివారు లేని ఇల్లు అరుదు. డబ్బింగ్ గదులు, ఎడిటింగ్ గదులు ప్రతి వీధిలోను కనబడతాయి. ఆ కార్యాలయమునకు విజయవాడలో రెండవ శాఖ ఉన్నది. ఇంకా విడుదల కాని చిత్రముల భాగములు ఈ రెండు గదుల నడుమ నిత్యము ప్రయాణము చేయవలెను. ఒక రాత్రి అతడు మాకు ఫోను చేసి, "సార్, టన్నెల్ అప్ అని చూపిస్తున్నది, కానీ ఒక్క ఫైలు కూడా పోవడము లేదు. ఉదయము లోపల కాకపోతే నా ఉద్యోగము ఉండదు" అన్నాడు.

మేము వెళ్ళి చూచినాము. అతడు ఆజ్ఞలన్నియు తన నోటుపుస్తకములో నుండి ఒక్క అక్షరము తప్పకుండా ఎక్కించినాడు. ఏ ఆజ్ఞ ఏ పని చేస్తుందని అడిగితే మాత్రము చెప్పలేకపోయినాడు. తాత్పర్యము తెలియని పద్యమును కంఠస్థము చేసినట్లున్నది. ఆ రాత్రి మేమిద్దరము కలిసి సరిచేసిన మూడు లోపములే ఈ పాఠమునకు ఆధారము.

సొరంగము అనగా నేమి?

మొదట ఒక భ్రమను తొలగించుకొనవలెను. వీపీఎన్ సొరంగము వేరుగా త్రవ్విన దారి కాదు. సమాచారపు ముక్కలు, అనగా ప్యాకెట్లు, అందరూ నడిచే ఇంటర్నెట్ రహదారి మీదనే పోతాయి. ప్రతి ప్యాకెట్టును రహస్యలిపిలోనికి మార్చి, మరొక కవరులో పెట్టి, ఆ కవరు మీద రెండవ ఫైర్‌వాల్ చిరునామా వ్రాసి పంపుతారు. దారిలో ఎవరైనా చూచినా కవరు కనబడుతుందే గాని లోపలి ఉత్తరము కనబడదు.

పై కవరు ఎందుకు అవసరమో గ్రహించుటకు మన అపార్టుమెంట్లను చూడండి. 101వ నంబరు ఫ్లాటు ప్రతి అపార్టుమెంటులోను ఉంటుంది. భవనము పేరు, వీధి పేరు లేక 101 అని మాత్రమే వ్రాసిన ఉత్తరమును తపాలావారు చేర్చలేరు. కార్యాలయముల లోపలి చిరునామాలు కూడ అటువంటివే. 10తో మొదలయ్యేవి, 172.16 నుండి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి ఎవరైనను లోపల వాడుకొనవచ్చునని 1996లో ప్రమాణము ఏర్పడినది. బయటి ఇంటర్నెట్టులో వాటికి దారి లేదు. అందుచేత లోపలి చిరునామా గల ప్యాకెట్టు బయటి చిరునామా గల కవరులో కూర్చుండి ప్రయాణము చేయవలెను.

ఈ విధమైన రక్షణకు ఐపీసెక్ అని పేరు. దీని తొలి ప్రమాణములు 1995లో వెలువడి, 1998లోను 2005లోను సవరింపబడినవి. తాళములు కుదుర్చుకొనే పద్ధతికి ఐకేఈ అని పేరు. దాని మొదటి రూపము 1998 నాటిది. రెండవ రూపము 2005లో వచ్చినది. మొదటి రూపమును ఇక వాడరాదని 2023లో ప్రకటించినారు. కావున క్రొత్తగా కట్టేవారు ఐకేఈ రెండవ రూపమునే ఎన్నుకొనవలెను.

జాబితా పద్ధతి, మార్గ పద్ధతి

సొరంగములోనికి ఏ ప్యాకెట్టును పంపవలెనో నిర్ణయించుటకు రెండు పద్ధతులు కలవు. మొదటిది జాబితా పద్ధతి. ఫలానా నెట్‌వర్కు నుండి ఫలానా నెట్‌వర్కునకు పోయే ప్యాకెట్టును రహస్యము చేయుమని ప్రతి జంటను విడివిడిగా వ్రాయవలెను. ఇటు మూడు, అటు మూడు నెట్‌వర్కులుంటే తొమ్మిది జంటలు అవుతాయి. రెండు వైపుల జాబితాలు అద్దములో ప్రతిబింబము వలె సరిపోలవలెను. ఒక్కటి తప్పినా ఆ జంటకు రాకపోకలుండవు.

రెండవది మార్గ పద్ధతి. ఇందులో సొరంగమునకు ఫైర్‌వాల్ మీద ఒక ద్వారము నిర్మిస్తారు. దానిని టన్నెల్ ఇంటర్‌ఫేస్ అంటారు. తరువాత "విజయవాడ పోవువారు ఈ ద్వారము గుండా పోవలెను" అని ఒక మార్గము, అనగా రూట్, వ్రాస్తారు. ఆ ద్వారములో అడుగుపెట్టిన ప్రతి ప్యాకెట్టునకు ముద్ర పడుతుంది. ఎటు పోవలెనన్న ప్రశ్న మార్గపట్టికది. ఎట్లు రక్షించవలెనన్న ప్రశ్న ఐపీసెక్‌ది. ఈ రెండు ప్రశ్నలు విడివడుటయే మార్గ పద్ధతిలోని సారము. రేపు నాలుగవ నెట్‌వర్కు వచ్చినా ప్రతి వైపు ఒక్కొక్క మార్గము చేరిస్తే చాలును. తాళములను ముట్టనవసరము లేదు. ఓఎస్‌పీఎఫ్, బీజీపీ వంటి మార్గములను తామే తెలుసుకొనే పద్ధతులు కూడ ఈ ద్వారము మీద నడుస్తాయి.

సిస్కో, జూనిపర్, ఫోర్టినెట్, పాలో ఆల్టో మొదలైన కంపెనీలన్నిటి ఫైర్‌వాల్‌లలో ఈ పద్ధతి కలదు. ద్వారమును జూనిపర్‌లో ఎస్‌టీ0 అంటారు. సిస్కోలో టన్నెల్ అంటారు. పేర్లు వేరైనా పని ఒకటే. మన విద్యార్థులు ఉచితముగా అభ్యసించుటకు వీలుగా, లినక్స్ మీద స్ట్రాంగ్‌స్వాన్ అను సాధనముతో చేసే విధమును ఇచ్చట చెప్పుతున్నాము. ఆజ్ఞలను ఉచ్చారణ ప్రకారము తెలుగు లిపిలో చూపినాము. యంత్రము మీద ఆంగ్లములో చిన్న అక్షరములతో టైపు చేయవలెను.

నిర్మాణ క్రమము

మొదటి మెట్టు కాగితము. కీబోర్డు ముట్టక పూర్వము రెండు వైపుల చిరునామాలను పక్కపక్కన వ్రాసుకొనవలెను. మన ఉదాహరణలో కృష్ణానగర్ బయటి చిరునామా 203.0.113.10, లోపలి నెట్‌వర్కు 10.10.1.0/24. విజయవాడ బయటి చిరునామా 198.51.100.20, లోపలి నెట్‌వర్కు 10.20.1.0/24. లోపలి నెట్‌వర్కులు రెండు చోట్ల ఒకటే కారాదు. ఇండ్లలోని రౌటర్లు తరచుగా 192.168.1.0తోనే వస్తాయి, రెండు శాఖలలోను అదే ఉంటే, ఏది ఇటుది ఏది అటుది అని మార్గపట్టిక చెప్పలేదు.

రెండవ మెట్టు సంధి. మా శాస్త్రములో సంధి అనగా రెండు వర్ణముల కలయిక. రాజనీతిలో సంధి అనగా రెండు పక్షముల ఒడంబడిక. ఇక్కడ రెండవ అర్థము సరిపోతుంది. ఏ రహస్యలిపి వాడవలెను, తాళము ఏ పద్ధతిలో కుదుర్చుకొనవలెను, ఎదుటివారు నిజముగా వారేనని ఎట్లు నమ్మవలెను అన్న విషయములలో రెండు ఫైర్‌వాల్‌లు ఏకాభిప్రాయమునకు రావలెను. స్ట్రాంగ్‌స్వాన్ అమరిక పత్రములో మన చిరునామా, వారి చిరునామా, వెర్షన్ 2, ప్రపోజల్స్ అను చోట ఏఈఎస్ 256, ఎస్‌హెచ్‌ఏ 256, 2048 బిట్ల డిఫీ హెల్‌మన్ సమూహము అని వ్రాయవలెను. బహిరంగముగా మాటలాడుకుంటూనే ఇద్దరు ఒక రహస్యమును కుదుర్చుకొనగలరని డిఫీ, హెల్‌మన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1976లో నిరూపించినారు; ఈ కట్టడమంతయు ఆ పునాది మీద నిలిచినది.

పరస్పర గుర్తింపునకు సర్టిఫికెట్లు మేలు. ఉమ్మడి రహస్యపదము వాడితే అది పొడవుగాను, అర్థము లేనిదిగాను ఉండవలెను. ఊరి పేరు, కంపెనీ పేరు పనికిరావు. దానిని వాట్సాప్‌లో పంపరాదు. ఈ సంభాషణ యూడీపీ 500వ ద్వారము మీద జరుగుతుంది. నడుమ చిరునామా మార్చే రౌటరు ఉంటే 4500కు మారుతుంది. బయటి వైపు ఈ రెండింటిని, ఈఎస్‌పీ అను 50వ నంబరు ప్రోటోకాల్‌ను అనుమతించవలెను.

మూడవ మెట్టు కవరు. అసలు సమాచారమును మోసే ఈ రెండవ ఒప్పందములో లోపలి చిరునామాల హద్దులు రెండు వైపుల 0.0.0.0/0 అని, అనగా ఎవరినైనను అని వ్రాస్తాము. ఇది చూచి విద్యార్థులు భయపడతారు. భయపడనవసరము లేదు, ఎవరు లోనికి రావలెనో మార్గపట్టిక, ఫైర్‌వాల్ నియమములు నిర్ణయిస్తాయి. ఇంకొక జాగ్రత్త కలదు. కొంత కాలమునకొకసారి తాళము మారుతుంది. అప్పుడు క్రొత్తగా డిఫీ హెల్‌మన్ జరగవలెనా అన్నది రెండు వైపుల ఒకే విధముగా ఉండవలెను. ఐకేఈ రెండవ రూపములో తొలి కవరు తాళము మొదటి సంధి నుండే పుట్టుతుంది కాబట్టి, ఈ తేడా ప్రారంభములో బయటపడదు. సొరంగము కొంతసేపు చక్కగా నడిచి, తాళము మారే వేళకు తెగిపోతుంది. అటువంటి రోగము కనబడితే ముందుగా ఇక్కడ చూడవలెను.

నాలుగవ మెట్టు ద్వారము. లినక్స్‌లో ఆజ్ఞ ఇది: "ఐపీ లింక్ యాడ్ ఐపీసెక్0 టైప్ ఎక్స్‌ఎఫ్‌ఆర్‌ఎం డెవ్ ఈటీహెచ్0 ఇఫ్_ఐడీ 42". ఈ రకపు ద్వారము లినక్స్ 4.19లో, అనగా 2018లో వచ్చినది. 42 అన్నది గుర్తు సంఖ్య. అదే సంఖ్యను స్ట్రాంగ్‌స్వాన్ అమరికలో లోనికి, బయటకు అను రెండు చోట్ల వ్రాయవలెను. ద్వారమును ఒప్పందముతో ముడివేసేది ఆ సంఖ్యయే. తరువాత ద్వారమునకు 10.255.0.1/30 అని చిరునామా ఇచ్చి, "ఐపీ లింక్ సెట్ ఐపీసెక్0 అప్" అని తెరవవలెను. అటువైపు 10.255.0.2 అవుతుంది.

ఐదవ మెట్టు మార్గము. కృష్ణానగర్‌లో "ఐపీ రూట్ యాడ్ 10.20.1.0/24 డెవ్ ఐపీసెక్0" అని, విజయవాడలో 10.10.1.0/24కు అదే విధముగాను ఎక్కించవలెను. లోపలి నుండి ద్వారమునకు, ద్వారము నుండి లోపలికి నియమములను తెరవవలెను. లినక్స్‌లో ఒక ఇంటర్‌ఫేస్ నుండి మరొకదానికి ప్యాకెట్లను దాటించే ఐపీ ఫార్వర్డింగ్‌ను 1గా పెట్టవలెను. చిరునామా మార్చే నియమము సొరంగపు ప్యాకెట్లకు తగలకుండా చూడవలెను.

ఆరవ మెట్టు పరీక్ష. "స్వాన్‌సీటీఎల్" అని వ్రాసి, రెండు అడ్డగీతల తరువాత "లిస్ట్ ఎస్‌ఏఎస్" అని అడిగితే ఒప్పందముల స్థితి, పోయిన బైట్లు, వచ్చిన బైట్లు కనబడతాయి. ఈ రెండు అంకెలను చదువుట వైద్యుడు నాడి చూచుట వంటిది.

ఆ రాత్రి కనుగొన్న మూడు లోపములు

కృష్ణానగర్ గదిలోనివి ఈ లినక్స్ యంత్రములు కావు, కొని తెచ్చిన చిన్న ఫైర్‌వాల్ పెట్టెలు. అయినా మెట్లు ఇవే కాబట్టి లోపములు కూడ ఈ మెట్లలోనే దొరికినవి.

అక్కడ మేము మొదట చూచినది ఆ నాడినే. పోయిన బైట్లు పెరుగుతున్నవి, వచ్చినవి సున్న. అనగా మన ఉత్తరము వెళ్ళుతున్నది, జవాబు రావడము లేదు. సంధి కుదిరినది కాబట్టి తాళములలో తప్పు లేదు. విజయవాడలో ఉన్న ఉద్యోగిని ఫోనులో పిలిచి మార్గపట్టిక చదివించినాము. 10.10.1.0కు మార్గమే లేదు! మా విద్యార్థి తన వైపు మార్గము వ్రాసి, అటువైపు వ్రాయించుట మరచినాడు. పోవు దారి ఉన్నంత మాత్రమున తిరిగి వచ్చు దారి ఉన్నట్లు కాదు. ఒక్క పంక్తి చేర్చగానే పింగ్ పలికినది. అతని కండ్లలో నీళ్ళు తిరిగినవి.

కానీ ఫైలు పంపితే కొంత పోయి ఆగిపోయినది. చిన్న ఉత్తరములు పోతున్నవి, పెద్దవి ఇరుక్కుంటున్నవి. కారణము కవరు మందము. మామూలు నెట్‌వర్కులో ఒక ప్యాకెట్టు 1500 బైట్ల వరకు ఉండవచ్చును. దానికి కవరు తొడిగితే యాభై అరవై బైట్లు పెరిగి దారిలో పట్టదు. పెద్దదైనదని తిరిగి చెప్పే సందేశమును నడుమ ఏదైన పరికరము ఆపివేస్తే పంపినవానికి విషయమే తెలియదు. ద్వారపు పరిమితిని 1400కు, టీసీపీ ముక్క పరిమాణమును 1360కి తగ్గించినాము. ఫైలు ముగిసేవరకు సాఫీగా పోయినది.

అప్పటికి రాత్రి రెండు గంటలైనది. అతడు సంతోషముతో లేవబోతే మేము కూర్చుండబెట్టినాము. "సొరంగము తెగిపోతే ఈ ఫైళ్ళు ఎటు పోతవి?" అని అడిగినాము. "ఆగిపోతవి సార్" అన్నాడు. చూతమని, పెద్ద ఫైలు ఒకటి పోతుండగానే ఒప్పందమును తెంపించి, బయటి తీగె మీద పోయే ప్యాకెట్లను గమనించినాము. ఆగలేదు. ఒప్పందము పడిపోగానే ద్వారము కూడ మూతపడినది. ద్వారముతో పాటు మార్గము చెరిగిపోయినది. విజయవాడకు ప్రత్యేక మార్గము కనబడక, ప్యాకెట్లు మామూలు మార్గము పట్టి, కవరు లేకుండ, ముద్ర లేకుండ బయటకు నడిచినవి. ఆ చిరునామాకు ఇంటర్నెట్టులో దారి లేదు కాబట్టి గమ్యము చేరవు. కానీ మన గడప దాటి పరుల చేతిలో పడినవి గదా!

దీనికి మందు ఒక్క పంక్తి. లినక్స్‌లో అయితే "ఐపీ రూట్ యాడ్ బ్లాక్‌హోల్ 10.20.1.0/24 మెట్రిక్ 200" అని వ్రాయవలెను. మెట్రిక్ పెద్దది కాబట్టి సొరంగమున్నంత కాలము ఈ మార్గమును ఎవరూ చూడరు. సొరంగము తెగిన క్షణమున ఇదే అడ్డునిలిచి ప్యాకెట్టును అక్కడనే నాశనము చేస్తుంది. లినక్స్‌లో ఒప్పందము పడినంతనే ఎక్స్‌ఎఫ్‌ఆర్‌ఎం ద్వారము మూతపడదు. కానీ యంత్రము తిరిగి మొదలైనప్పుడు ద్వారము లేవకపోవచ్చును. కావున ఈ పంక్తి అక్కడ కూడ ఉండదగినదే. ఆ పెట్టెలలో దీనికి సమానమైన ఆజ్ఞను రెండు వైపుల ఎక్కించి, మరల తెంపి చూచినాము. ఈసారి ఒక్క ప్యాకెట్టు కూడ గడప దాటలేదు.

మొదటి రెండు లోపములను యజమాని చూచినాడు. పని ఆగినది కాబట్టి కోప్పడినాడు. మూడవ లోపమును ఎవరూ చూడలేదు, ఎవరూ అడుగలేదు, ఎన్నడూ అడిగి ఉండరు. అయినా మూడింటిలో అదియే పెద్దది. ఉర్దూలో అమానత్ అని ఒక మాట కలదు. మన నగరములో తెలుగువారికి కూడ తెలిసిన మాటయే. నమ్మి మన చేతిలో పెట్టిన పరుల సొమ్ము అని దాని అర్థము. ఎందరో పనివారు నెలల తరబడి శ్రమించి తీసిన చిత్రము ఆ ఎడిటింగ్ గదికి అమానత్. పని నడిచినదా అని యజమాని చూస్తాడు. తెగినప్పుడు ఏమవుతుందో చూడవలసినవాడు కట్టినవాడే.

విద్యార్థులకు, కమిటీవారికి

ప్రియ విద్యార్థులారా! అమీర్‌పేట శిక్షణను మేము తక్కువ చేయడము లేదు. అక్కడ నేర్చి బ్రతుకు తెరువు సంపాదించినవారు మనలో ఎందరో ఉన్నారు. మీ నోటుపుస్తకములోని ప్రతి ఆజ్ఞ పక్కన, ఇది లేకపోతే ఏమి జరుగుతుంది అన్న ప్రశ్నకు ఒక వాక్యము తెలుగులో గాని ఉర్దూలో గాని వ్రాసుకొనండి. వ్రాయలేని చోట మీకింకా పాఠము మిగిలి ఉన్నదని గ్రహించండి. కంపెనీ మారితే ఆజ్ఞ మారుతుంది. సంధి, కవరు, ద్వారము, మార్గము మారవు. 2022 నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ వారి హైదరాబాదు ప్రాంతము ప్రారంభమైనది. అటువంటి క్లౌడ్‌లకు కార్యాలయములను కలిపేవారు ప్రతి అనుసంధానమునకు రెండేసి సొరంగములు కట్టుతున్నారు. అక్కడికి పోయినా మీకు కనబడేవి ఈ మెట్లే.

కళాశాల కమిటీవారికి ఒక విన్నపము. ఈ పాఠమునకు ఖరీదైన పరికరములు అవసరము లేదు. రెండేసి నెట్‌వర్కు కార్డులు గల పాత కంప్యూటర్లు రెండు, ఒక స్విచ్చి, కొన్ని తీగెలు చాలును, సాధనములన్నియు ఉచితము. కంప్యూటరు గదిలో ఒక మూల ఒక బల్లను ఇందుకై కేటాయిస్తే, మన పిల్లలు అక్కడ నిర్భయముగా తీగెను తెంపి చూచి నేర్చుకుంటారు. ఉద్యోగములో అర్ధరాత్రి, భయము నడుమ నేర్చుకొనుట కంటె అది మేలు.

మా విద్యార్థి ఇప్పటికీ ఆ కృష్ణానగర్ కార్యాలయములోనే ఉన్నాడు. నెలకొకసారి సొరంగమును తానే తెంపి, బయటి తీగె మీద ఏమైన పోతున్నదేమో చూస్తాడట. అట్లు చేయుమని అతనికి ఎవరూ చెప్పలేదు.